నక్షాలో చూపిన మాట – నేలమీద నిలిపిన కట్టడము

నగరమనగా కేవలము ఇండ్ల సముదాయము కాదు. ఎచ్చట నివసింపవలెను, ఎచ్చట పని చేయవలెను, పిల్లలు ఎచ్చట ఆడుకొనవలెను అను విషయములపై ప్రజలందరు కలసి చేసికొనిన ఒక ఏర్పాటే నగరము. ఈ ఏర్పాటును కాగితముపై చూపునది మాస్టర్ ప్లాన్. ఆ పటములో పసుపు రంగును నివాసములకు, ఊదా రంగును పరిశ్రమలకు, ఆకుపచ్చ రంగును ఉద్యానములకు గుర్తుగా వాడుట మన దేశమున పరిపాటి. ప్రతి నేలచెక్కయు ఏదో యొక రంగు క్రిందికి వచ్చును. ఆ రంగును బట్టియే అచ్చట ఏమి కట్టవచ్చునో నిర్ణయమగును. దీనినే జోనింగ్ అందురు. ఆ రంగును మార్చుటయే భూవినియోగ మార్పిడి. ఈ మార్పిడిని కోరునపుడు బిల్డర్లు చూపు నక్షాలకు వారిని కట్టుబడి యుండునట్లు చేయుట ఎట్లు అను ప్రశ్నను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

మార్పిడి యనగా నేమి?

పరిశ్రమలకు కేటాయింపబడిన ఒక నేలను వాణిజ్యమునకు మార్చిరనుకొందము. ఆ దినముననే దాని విలువ పెరుగును. యజమాని అచ్చట ఒక్క ఇటుకయైనను పేర్చియుండడు. ఒక్క కూలికి దినభత్యమైనను ఇచ్చియుండడు. ఆ పెరిగిన విలువ ప్రభుత్వము వారి ఉత్తరువు వలన పుట్టినది. రోడ్లు, నీటి గొట్టములు, మురుగు కాలువలు, విద్యుత్తు ప్రజల ధనముతో అమరియుండుట చేతనే ఆ ఉత్తరువునకు అంత బలము కలిగినది. కనుక ఇది ప్రజలు ఒక వ్యక్తికి ఇచ్చిన సంపద యని చెప్పవచ్చును.

దీనికి బదులుగా బిల్డరు ఒక నక్షాను సమర్పించును. అందులో ఉద్యానము, పాఠశాల, విశాలమైన రోడ్డు, పేదలకు కొన్ని ఇండ్లు కనిపించును. ఆ బొమ్మను చూచియే అధికారులు సమ్మతింతురు. ఇరుగుపొరుగు వారు అభ్యంతరములు మానుకొందురు. అయితే ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. ఉత్తరువు మార్చునది నేల యొక్క రంగును మాత్రమే. ఆ క్రొత్త రంగు క్రింద చట్టము అనుమతించు కట్టడములు అనేకము లుండును. బిల్డరు చూపిన నక్షా వానిలో ఒకటి మాత్రమే. ఆ నక్షాను షరతుగా ఉత్తరువులో చేర్చనిచో, రంగు మారిన పిమ్మట అతడు వేరొక కట్టడమును కట్టుకొనవచ్చును. లేదా పెరిగిన ధరకు ఆ నేలను మరియొకరికి అమ్మి వెడలిపోవచ్చును. కొనినవాడు, ‘ఆ మాట ఇచ్చినవాడను నేను కాను’ అనును. ఏరు దాటువరకు ఓడ మల్లయ్య, ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య యను సామెత ఇట్టి సందర్భములకు చక్కగా సరిపోవును.

బొంబాయి మిల్లుల భూములు

ఈ విషయమును బోధించుటకు బొంబాయి నూలుమిల్లుల చరిత్ర కంటె మంచి యుదాహరణము మన దేశమున లేదని మా అభిప్రాయము. 1854లో కావస్జీ దావర్ ఆ నగరమున మొదటి నూలుమిల్లును స్థాపించెను. క్రమముగా పరేల్, లాల్‌బాగ్, వర్లీ, బైకుల్లా ప్రాంతములు మిల్లులతో నిండిపోయినవి. మరాఠీలు ఆ ప్రాంతమును గిరణ్‌గావ్, అనగా మిల్లుల ఊరు, అని పిలిచిరి. కొంకణ ప్రాంతపు రైతుబిడ్డలతో పాటు, తెలంగాణమునుండి వలస వెళ్ళిన పద్మశాలీలును, ఉత్తర హిందూస్థానమునుండి వచ్చి మదన్‌పురాలో స్థిరపడిన ఉర్దూ మాట్లాడు మోమిన్ నేతపనివారును ఆ మిల్లులలో చెమటోడ్చిరి. మన కళాశాలలో వినవచ్చు రెండు భాషలును ఆ మగ్గముల నడుమ వినిపించినవే.

1982 జనవరి 18వ తేదీన దత్తా సామంత్ నాయకత్వమున ఆ మిల్లులలో గొప్ప సమ్మె ఆరంభమయ్యెను. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు పని మానిరి. సమ్మె ఫలింపలేదు. అనేక మిల్లులు మరల తలుపులు తెరువలేదు. తెరచినవియు క్రమముగా క్షీణించినవి. నగర మధ్యమున సుమారు 600 ఎకరముల భూమి నిరుపయోగముగా నిలిచిపోయెను. నూలు కంటె నేలయే ఎక్కువ వెల పలుకు కాలము వచ్చెను.

1991లో బొంబాయి అభివృద్ధి నియంత్రణ నిబంధనలు అమలులోనికి వచ్చినవి. వానిలో 58వ నిబంధన మిల్లుల భూములకు సంబంధించినది. మిల్లు భూమిని నివాసములకు, వాణిజ్యమునకు వాడుకొనుటకు అది వీలు కల్పించెను. దానికి బదులుగా, మిల్లును తొలగించి భూమిని క్రొత్తగా నిర్మింపదలచిన యజమాని దానిని ఇంచుమించు మూడు భాగములు చేయవలెను. ఒక భాగము ఉద్యానములకును, ప్రజోపయోగములకును నగరపాలక సంస్థకు. ఒక భాగము సామాన్యుల ఇండ్లకై గృహనిర్మాణ సంస్థయైన మ్హాడాకు. మిగిలిన భాగము యజమానికి. అమ్మకముపై వచ్చిన సొమ్ము ప్రత్యేక ఖాతాలో నుండి, కార్మికుల బకాయిలకును, మిల్లుల పునరుద్ధరణకును వినియోగింపబడవలెనని కూడ ఉద్దేశింపబడెను. మార్పిడికి ప్రతిఫలమేమో ఇంత స్పష్టముగా వ్రాసిన నిబంధనలు అరుదు.

ఐనను ఇందులో ఒక లొసుగు మిగిలియుండెను. పాత కట్టడములను పడగొట్టక వానినే ఇతర పనులకు వాడుకొనువారికి ఈ మూడు భాగముల బాధ్యత తగులదు. అందుచేత అనేకులు మిల్లు షెడ్లను అట్లే యుంచి వ్యాపార స్థలములుగా మార్చుకొనిరి. 1996లో ప్రసిద్ధ వాస్తుశిల్పి చార్లెస్ కొరియా అధ్యక్షతన ప్రభుత్వము ఒక సంఘమును నియమించెను. మిల్లుల భూములను విడివిడి ముక్కలుగా గాక, అన్నిటిని కలిపి ఒకే ప్రణాళిక క్రింద చూడవలెనని ఆ సంఘము సూచించెను. అప్పుడే చిన్న చిన్న తునకలకు బదులు పెద్ద ఉద్యానములు, సరియైన రహదారులు సాధ్యమగును. ఆ సూచన ఆచరణలోనికి రాలేదు.

2001లో నిబంధన సవరింపబడెను. మూడు భాగముల లెక్క మిల్లు భూమి మొత్తమునకు గాక, అందులో కట్టడములు లేక ఖాళీగా నున్న భూమికి మాత్రమే వర్తించునట్లు మార్చిరి. దీని ప్రభావమును ఒక చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక మిల్లుకు 15 ఎకరముల భూమి యున్నదనియు, అందు 12 ఎకరములలో షెడ్లు, 3 ఎకరములలో ఖాళీ స్థలము కలదనియు అనుకొందము. పాత పద్ధతిన నగరమునకు 5 ఎకరములు, సామాన్యుల ఇండ్లకు 5 ఎకరములు లభించును. క్రొత్త పద్ధతిన చెరి యొక ఎకరము మాత్రమే దక్కును. షెడ్లను పడగొట్టిన పిమ్మట మిగిలిన 12 ఎకరములును లెక్కలోనికి రావు. ఒక్క పదమునకు అర్థము మారుటచే పది ఎకరములు రెండు ఎకరములైనవి.

ప్రభుత్వము తన పక్షమున ఒక వాదము వినిపించెను. పది సంవత్సరములలో భూమి నిచ్చుటకు ముందుకు వచ్చిన మిల్లులు కొలదియేననియు, కార్మికుల బకాయిలు తీరవలెనన్నచో యజమానులకు కొంత సడలింపు తప్పదనియు దాని భావము. బొంబాయి పర్యావరణ కార్యాచరణ సంఘము ప్రజాహిత వ్యాజ్యము వేయగా, 2005 అక్టోబరులో బొంబాయి హైకోర్టు ప్రజల పక్షమున తీర్పు చెప్పెను. షెడ్లు పడగొట్టగా ఖాళీయగు భూమియు లెక్కలోనికి వచ్చునని దాని యర్థము. కాని 2006 మార్చి 7వ తేదీన సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివైచి, 2001 నాటి సవరణను సమర్థించెను. నేడు ఆ ప్రాంతమున గగనచుంబి భవనములు, అంగడుల సముదాయములు వెలసినవి. మిల్లు కార్మికులకు మ్హాడా చీట్ల పద్ధతిన మొదటి విడత ఇండ్లు కేటాయించునప్పటికి 2012వ సంవత్సరము వచ్చెను. సమ్మె జరిగి అప్పటికి 30 సంవత్సరములు గడచినవి. మాట నిలిచినను కాలము దాటిన పిమ్మట నిలిచినచో, దాని ఫలము అనుభవింపవలసినవారు ఎందరు మిగిలియుందురు?

ఈ చరిత్ర వలన మనము గ్రహింపవలసినది ఒకటి కలదు. షరతును వ్రాసికొనుట అవసరమే గాని, అంతటితో చాలదు. వ్రాసిన షరతును మరల తిరుగవ్రాయు కలము ఎవరి చేతిలో నున్నదో, లాభము ముందు వచ్చునో షరతు ముందు తీరునో, ఇవి కూడ ముఖ్యములే.

అడుగు హక్కు ఎవరిది?

బొంబాయి వ్యాజ్యములో ప్రజల పక్షము ఓడినను, అడుగు హక్కు ప్రజలకు లేదని దాని యర్థము కాదు. 1991లోనే సుప్రీంకోర్టు బెంగుళూరు మెడికల్ ట్రస్టు కేసులో ఈ హక్కును స్పష్టపరచెను. బెంగుళూరులోని రాజమహల్ విలాస్ విస్తరణ ప్రాంతమున ఉద్యానమునకై ఉద్దేశించిన స్థలమును ఆసుపత్రి కట్టుటకు ఒక ప్రైవేటు ట్రస్టునకు కేటాయించిరి. ఆసుపత్రియు ప్రజోపయోగకరమైనదే గదా యని వాదించిరి. న్యాయస్థానము ఆ వాదము నంగీకరింపలేదు. ప్రణాళికలో ఉద్యానమని చూపిన స్థలముపై ఆ ప్రాంతవాసులకు హక్కు కలదనియు, దానిని అన్యాక్రాంతము చేయు ఉత్తరువును వారు ప్రశ్నింపవచ్చుననియు తీర్పు నిచ్చెను. నేల యజమాని గాని వాడు కూడ నక్షాను గూర్చి అడుగవచ్చునను సూత్రము దీని వలన స్థిరపడెను.

ఇక నక్షాను మధ్యలో మార్చు సందర్భమునకు నోయిడా నగరపు జంట గోపురముల కథ ప్రసిద్ధము. ఎమరాల్డ్ కోర్టు అను నివాస సముదాయమునకు 2005లో అనుమతి లభించెను. పిమ్మట పలుమారులు నక్షా సవరింపబడి, మొదట కొనుగోలుదారులకు తోటగా చూపిన చోట రెండు క్రొత్త గోపురములు లేచినవి. 2012 నాటి సవరణలో వాని ఎత్తును 40 అంతస్తుల వరకు పెంచిరి. నివాసులు తమ సంఘము ద్వారా న్యాయస్థానమున కెక్కిరి. 2014లో అలహాబాదు హైకోర్టును, 2021 ఆగస్టు 31వ తేదీన సుప్రీంకోర్టును ఆ గోపురములను పడగొట్టవలెనని ఆదేశించినవి. బిల్డరునకును అధికారులకును నడుమ కుమ్మక్కు జరిగెనని సుప్రీంకోర్టు తీవ్రముగా అభిశంసించెను. 2022 ఆగస్టు 28వ తేదీన దాదాపు 100 మీటర్ల ఎత్తుగల ఆ కట్టడములు కొన్ని క్షణములలో నేల కూలినవి. న్యాయము గెలిచినదనుట నిజమే. కాని అంత ఇనుము, సిమెంటు, మానవ శ్రమ మట్టిపాలు కాకుండ, పునాది వేయుచున్నపుడే అడ్డుకొనియున్నచో ఎంత మేలు కలిగియుండెడిది!

కట్టుబడి యుండునట్లు చేయు విధానములు

కోర్టు చివరి మెట్టు. అచ్చటికి పోనవసరము లేకుండ ముందుగానే చేయదగిన ఏర్పాట్లు నాలుగు కలవు.

మొదటిది, మాట నేలకు అంటుకొనవలెను. ఇంగ్లండులో 1990 నాటి పట్టణ, గ్రామీణ ప్రణాళికా చట్టమందలి 106వ సెక్షను క్రింద బిల్డరు స్థానిక సంస్థతో కరారునామా వ్రాసికొనును. ఆ కరారు వ్యక్తితో ముగియక నేలతో పాటు సాగును. నేలను కొనిన వానిపై కూడ ఆ బాధ్యత పడును. ఎవరైనను కొనబోవుటకు ముందే తెలిసికొనుటకు వీలుగా అది రిజిస్టరులో నమోదై యుండును.

రెండవది, షరతు తీరిన పిమ్మటనే లాభము అందవలెను. ఆ దేశపు కరారులలో ‘ఇన్ని ఇండ్లలో జనులు చేరుటకు ముందే పాఠశాల స్థలమును అప్పగింపవలెను’ అను విధమైన మెట్లు ఉండుట సాధారణము. ఉద్యానము చివర అన్నచో అది ఎన్నటికిని రాదు. ఉద్యానము మొదట అన్నచో అది తప్పక వచ్చును.

మూడవది, పూచీకత్తు ఉండవలెను. ఈ విషయమున మన రాష్ట్రములకు అనుభవము కలదు. 2012లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము జారీ చేసిన 168వ నంబరు జి.ఓ. కట్టడపు విస్తీర్ణములో 10 శాతమును పురపాలక అధికారులకు తనఖాగా నుంచవలెనని విధించెను. నక్షా ప్రకారము కట్టి నివాసయోగ్యతా పత్రమును పొందిన పిమ్మటనే ఆ భాగము విడుదలయగును. లేఅవుట్లలో కూడ రోడ్లు, కాలువలు పూర్తియగు వరకు కొన్ని ప్లాట్లను తనఖా పెట్టించుకొను పద్ధతి కలదు. తన సొత్తు ఇతరుల చేతిలో నున్నంతవరకు ఎవరికైనను మాట గుర్తుండును.

నాలుగవది, నక్షాను మార్చదలచినచో నలుగురి ఎదుట మార్చవలెను. 1975 నాటి ఆంధ్రప్రదేశ్ పట్టణ ప్రాంతముల అభివృద్ధి చట్టపు 12వ సెక్షను ప్రకారము, ప్రణాళికను సవరించుటకు ముందు ప్రకటన చేసి ప్రజల అభ్యంతరములను, సూచనలను ఆహ్వానింపవలెను. 2016లో పార్లమెంటు చేసిన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టము, అనగా రేరా, మరియొక అడుగు ముందుకు వేసినది. దాని 14వ సెక్షను ప్రకారము మంజూరైన నక్షాలోని ఉమ్మడి సౌకర్యములను మార్చవలెనన్నచో, కొనుగోలుదారులలో కనీసము మూడింట రెండు వంతుల మంది ముందుగా వ్రాతపూర్వకముగా సమ్మతింపవలెను. తప్పుడు ప్రకటన నమ్మి నష్టపోయిన వానికి పరిహారము కోరు హక్కు 12వ సెక్షను వలన కలిగినది.

ఇచ్చట ఒక లోటును కూడ చెప్పక తప్పదు. రేరా కాపాడునది ఇల్లు కొనిన వానిని. కాని భూవినియోగ మార్పిడి సమయమున ఇచ్చిన మాటల ఫలితము అందవలసినవారు అనేకులు ఆ ఇండ్లను కొనలేని వారే. ప్రక్క బస్తీలోని పిల్లవానికి రావలసిన ఆటస్థలము, మూతపడిన మిల్లు కార్మికునికి దక్కవలసిన గది, ఇరుకు వీధిలోని వారికి కావలసిన వెడల్పు రోడ్డు – వీని పక్షమున ఓటు వేయు కొనుగోలుదారుడు లేడు. వీని పక్షమున నిలువవలసినది నగరపాలక సంస్థ. అది నిలువనపుడు అడుగవలసినది పౌరుడు.

బిల్డరు పక్షము

బిల్డర్లను దుష్టులుగా చిత్రించుట మా యుద్దేశము కాదు. వారు లేనిదే ఇండ్లు లేవు, వేలాది కూలీలకు పని లేదు. ధరలు పడిపోవచ్చును, అప్పు దొరకకపోవచ్చును, పది సంవత్సరముల క్రిందటి నక్షా నేటి అవసరములకు సరిపడకపోవచ్చును. మోయలేని షరతులు పెట్టినచో కట్టడమే ఆగిపోవునని బొంబాయి అనుభవము కూడ కొంత చెప్పుచున్నది. అందుచేత షరతు ఆ కట్టడము వలన కలుగు భారమునకు తగినట్లుండవలెను. అందరికి ఒకే కొలతతో నుండవలెను. ముందుగనే తెలియునట్లు వ్రాయబడవలెను. మార్పు తప్పనిసరియైనచో, తీసివేసిన దానికి సమానమైన దానిని మరియొకచోట ఇచ్చునట్లు చేయవలెను. నిజాయితీగల బిల్డరునకు ఇట్టి నియమము వలన మేలే కలుగును. మాట నిలుపువాడు ఖర్చు భరించుచుండగా, మాట తప్పువాడు తక్కువ ధరకు అమ్మి అతనిని దెబ్బ తీయుట ఆగిపోవును.

విద్యార్థుల కర్తవ్యము

ఇది ఇంజనీర్లకు, న్యాయవాదులకు మాత్రమే సంబంధించిన విషయమని మన విద్యార్థులు భావింపరాదు. 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో చేరిన పండ్రెండవ షెడ్యూలులో పట్టణ ప్రణాళికయే మొదటి అంశముగా నున్నది. 2005 నాటి సమాచార హక్కు చట్టము క్రింద ఏ పౌరుడైనను తన ప్రాంతమందలి భూవినియోగ మార్పిడి ఉత్తరువును, దాని షరతులను, మంజూరైన నక్షాను కోరవచ్చును. సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. ఆ కాగితము చేతికి వచ్చిన పిమ్మట చేయవలసిన పని సులభము. కాగితము ఒక చేత, కొలత టేపు మరియొక చేత పట్టుకొని నేలను చూడవలెను. నక్షాలో ఉద్యానమని యున్నచోట ఏమున్నది? 40 అడుగుల రోడ్డు నిజముగా 40 అడుగులున్నదా? అర్థశాస్త్రము, రాజనీతిశాస్త్రము చదువు విద్యార్థులు ఏటేట తమ వార్డులోని ఒక్క లేఅవుట్‌నైనను ఇట్లు పరిశీలించి నివేదిక వ్రాసినచో, అది పరీక్షకు మించిన చదువగును. ఉర్దూ, తెలుగు రెండు భాషలలోను దానిని ప్రకటించినచో బస్తీవాసులందరికి ఉపకరించును. కళాశాల కార్యవర్గము వారు ఈ యత్నమునకు తోడ్పడుదురని ఆశించుచున్నాము.

నక్షా అను మాట మన రెండు భాషలకును ఉమ్మడి సొత్తు. కరారునామా అను మాటయు నట్టిదే. నక్షా బొమ్మగానే మిగులునా, కరారుగా మారునా అనునది ఉత్తరువు వెలువడు దినముననే తేలిపోవును. ఆ దినమున ప్రకటన చదివి, నిర్ణీత గడువులో ఒక అభ్యంతరమును వ్రాసి యిచ్చు పౌరుడొకడు ఉండవలెను. అట్టి పౌరులను తయారు చేయుటయే కళాశాల విద్య యొక్క ప్రయోజనములలో ఒకటియని మేము విశ్వసించుచున్నాము.